అడవి దాటాక ఊరు

తెల్లారితే అండాలు రెండు పొయ్యిలు ముట్టించాలి. ఒకటి ఇంట్లో, గటక వండడానికి. రెండోది లారీ వెనక. జర్మనీతో లడాయి రోజుల్లో పెట్రోలు దొరక్క లారీలన్నీ బొగ్గు గ్యాసుకు మారినప్పుడు జానయ్య నడిపే లారీకి కూడా మనిషెత్తు ఇనుప పీపా బిగించారు. అందులో బొగ్గు నింపి, అడుగున నిప్పు పెట్టి, పక్కనున్న గాలి కొట్టే ఫంకా పిడిని రెక్కలు పడిపోయేదాకా తిప్పితే గానీ గ్యాసు పుట్టదు. గ్యాసు పుడితే గానీ ఇంజను కదలదు. లడాయి ముగిసినా ఆ పీపా లారీని వదల్లేదు. మొదట్లో ఈ పనికి ఒక మనిషి ఉండేవాడు. రజాకార్ల గడబిడలో అతను ఊరు విడిచి పారిపోయాక, జానయ్య పెళ్ళాన్ని పిలిచి ఫంకా పిడి చూపించాడు.

"పొయ్యి పొయ్యే గదనే. ఆడదానికి పొయ్యి ముట్టించుడు ఒకలు నేర్పాల్నా?" అన్నాడు.

అత్త గోపమ్మ నవ్వింది. పెళ్ళయిన కొత్త కాబట్టి అండాలు కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు చాలాకాలం గుర్తుండిపోయింది. ఒక పనిని నవ్వుతూ ఒప్పుకుంటే అది ఇక పని కాదు, మన గుణం అయిపోతుంది. పీపాలో బొగ్గు జల్లించి పోసేది ఆమె. బూడిద లాగేది ఆమె. గ్యాసు గొట్టాల్లో మసి పేరుకుంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి గీకేది ఆమె. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా గోళ్ళ సందుల నలుపు పోయేది కాదు. వడ్డిస్తుంటే గోపమ్మ ఆ చేతులను చూసి, "గా చేతులతోనే అన్నం పెడ్తవానే? కడుపుల తిప్పుతాంది" అనేది. అమ్రాబాదు గుట్టల మీది ఊళ్ళన్నీ జానయ్యను డ్రైవర్ సాబ్ అని పిలిచేవి. అండాలును ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. పిలవాల్సిన అవసరమూ ఎవరికీ పడలేదు.

తోలడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. సర్కారు వేలం వేసి నరికించే అడవి జాగాలను కూపులంటారు. దుంగల కోసం లారీలు పోయే దారులు కూపు బాటలు. వాన పడితే ఆ బాటల్లో చక్రం దిగబడిపోయేది. కింద రాళ్ళు పెట్టి వెనక నుంచి తోయడం మొగవాడి పని కాబట్టి జానయ్య దిగేవాడు. పైన కూర్చుని ఇస్టీరింగు పట్టుకోవడం, కాలితో గ్యాసు తొక్కడం ఊరికే కూర్చున్నట్టే కదా అని అండాలును కూర్చోబెట్టేవాడు. అట్లా మొదలైంది. తర్వాత తర్వాత కల్లు తాగిన రోజుల్లోనూ, అలసిన రోజుల్లోనూ అడవి నడుమ సీటు ఇచ్చేసి పక్కన నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు. అడవిలో చూసేవాళ్ళు ఎవరు? చెట్లు తప్ప. కానీ మొదటి గుడిసె కనబడగానే లేచి కూర్చునేవాడు. "ఊరొచ్చింది, దిగు" అనేవాడు. ఆమె దిగి, లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి, అవతలి పక్కకు ఎక్కేది. పైట సర్దుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, లారీ ఎట్లా నడుస్తుందో కూడా తెలియని ఆడదానిలా కూర్చునేది.

యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో, జానయ్య చెల్లెలు కౌసల్య నిండు గర్భంతో పుట్టింటికి వచ్చింది. ఆమె భర్త బక్కయ్యను అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు దళానికి అన్నం సద్దులు మోశాడని ఎండాకాలంలోనే పట్టుకుపోయి జైల్లో పెట్టారు. నిజానికి సద్దులు మోసింది కౌసల్యే. ఆ సంగతి అండాలుకు ఒక్కదానికే చెప్పింది. "పోలీసోళ్ళు ఇంటికొచ్చి బక్కయ్య ఏడి అన్నరు గని, బక్కయ్య పెండ్లాం ఏంచేస్తది అని అడగలే వదినా. ఆడది మోస్తదని ఆళ్ళకు తోస్తె గదా" అని నవ్వింది. అంత ధైర్యం గల మనిషి నవ్వుతుంటే అండాలుకు ముచ్చటేసేది. ఏదో తనకు లేనిది ఆమె దగ్గర ఉన్నట్టు, అదేమిటో అడిగి తెలుసుకోవాలన్నట్టు ఉండేది. అడగలేదు.

నొప్పులు మొదలైన మరుసటి పొద్దున మంత్రసాని సైదమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగింది గోపమ్మా. నా చేతుల లేదు. అచ్చంపేట దవాఖానకు కొంచపోండ్రి. పొద్దుగూకక ముందే పోవాలె" అంది.

ఘాటు రోడ్డు మీది మోరీ వంతెనను ఎవరో పేల్చేశారు. దళం వాళ్ళే అని పోలీసులు, పోలీసులే అని ఊళ్ళోవాళ్ళు అంటున్నారు. ఎవరు పేల్చినా బండి కూడా దాటే వీలు లేదు. మిగిలింది పాత కూపు బాట ఒక్కటే. కూపు వేలం పాడిన గుత్తేదారు పట్నం పారిపోయినప్పటి నుంచి ఆ బాట మీద చక్రం తిరగలేదు. పైగా జానయ్య చలిజ్వరంతో గొంగడి కింద వణుకుతున్నాడు. గోపమ్మ కొడుకు మంచం దగ్గరికీ కూతురు మంచం దగ్గరికీ తిరుగుతూ ఏడుస్తోంది.

అండాలు లేచింది. పోయి పీపాలో బొగ్గు పోసి నిప్పు పెట్టింది. ఫంకా తిప్పుతుంటేనే అత్త వచ్చి నిలబడింది. "ఎవలు తోల్తరే?" అని అడిగింది.

"నేను తోల్త."

గోపమ్మ గడ్డి తేవడానికి పోయింది. కొడుకు అడవిలో నిద్రపోతాడన్న సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసేమో. కౌసల్యను వెనక గడ్డి పరిచి పడుకోబెట్టి, గోపమ్మ పక్కన కూర్చుంది. జానయ్య గొంగడి కప్పుకుని ముందర ఎక్కాడు. జ్వరంలో ఉన్నవాణ్ణి ఇంట్లో ఉండమంటే వినలేదు. "లారీ నా పేరు మీద ఉన్నది. నేను లేకుంట కదలద్దు" అన్నాడు.

బాట మొదట్లోనే బాట లేదు. రెండు వానాకాలాల గడ్డి నడుమెత్తు పెరిగి ఉంది. రెండు చక్రాల గాడులు ఒకప్పుడు ఎక్కడ ఉండేవో కళ్ళతో కాకుండా నడుముతో గుర్తుపట్టాల్సి వచ్చింది. లారీ ఒరిగిన తీరును బట్టి, ఎడమ గాడి లోతని, కుడి గాడిలో బండ ఉందని. వెదురు కొమ్మలు ముందర అద్దానికి తగిలి విరుగుతుంటే ఆమె మెల్లగా, నడక కన్నా మెల్లగా పోనిచ్చింది. కుదుపు వస్తే వెనక కౌసల్య అరుస్తుంది. అందుకని ప్రతి బండ దగ్గరా చక్రాన్ని ఆపి, ఎక్కించి, పసిపిల్లను దించినట్టు దించింది. జానయ్య మొదట్లో కళ్ళు మూసుకునే హుకుములు ఇచ్చాడు. "గేరు మార్చు" అనేవాడు, ఆమె మార్చేశాక. "బిరేకు" అనేవాడు, లారీ ఆగాక. కొంతసేపటికి ఆ మాటలు కూడా ఆగిపోయాయి.

ఒక ఎత్తు దగ్గర గ్యాసు చాలక ఇంజను ఆగిపోయేట్టయింది. అండాలు బిరేకు వదిలితే లారీ వెనక్కి జారుతుంది. దిగి ఫంకా తిప్పడానికి లేదు. అప్పుడు గోపమ్మ తనకు తానే దిగి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, కొంగు నడుముకు చుట్టి ఫంకా పిడి పట్టుకుంది. తిప్పింది. ఆయాసంతో ఆగింది. మళ్ళీ తిప్పింది. అద్దంలోంచి అండాలుకు అత్త ముఖం కనబడింది, మసితో, చెమటతో.

"ఇంత కష్టమానే ఇది? రోజు ఇట్లనే తిప్పుతవా?" అని అరిచింది గోపమ్మ.

"రోజు ఇంతే అత్తా."

గోపమ్మ మళ్ళీ పిడి అందుకుంది. ఇంజను అందుకున్నాక పైకెక్కుతూ, "నీ చేతులకు మొక్కుత బిడ్డా, నా పిల్లను కాపాడు" అంది. ఆ చేతులకే.

వాగు దగ్గర అండాలు దిగి, కర్రతో నీళ్ళను పొడుచుకుంటూ అవతలి గట్టు దాకా నడిచి చూసి వచ్చింది. గులకరాళ్ళున్న వరుస ఒకటి దొరికింది. దాని మీదుగానే, కళ్ళు పక్కకు తిప్పకుండా తోలింది. నీళ్ళు చక్రాల నడిమికి వచ్చాయి. లారీ ఒక్కసారి తేలినట్టయింది. తర్వాత ముందరి చక్రాలు గట్టును పట్టాయి. గట్టెక్కాక జానయ్య కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి వాగు చూసి, "మంచిగ తోలినవ్" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి అతని నోట ఆ మాట వినడం అదే. జ్వరంలో అన్నాడో, నిజంగానే అన్నాడో. ఆ క్షణంలో అండాలుకు గొప్ప సంతోషం కలిగింది. వెనక ఒక మనిషి చావు బతుకుల్లో మూలుగుతుంటే, తన లోపల ఏదో రెక్కలు విప్పుకున్నట్టు, ఇన్నాళ్ళూ ఒళ్ళో ముడుచుకున్న చేతులు ఇప్పుడు నిజంగా చేతులైనట్టు. వెంటనే ఆ సంతోషానికి సిగ్గుపడింది. తర్వాత చాలాకాలం ఆ సిగ్గును కూడా బాధపడుతూ తలచుకునేది. ఆ సంతోషాన్నే ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఉంటే, దిగేది కాదేమో.

పొద్దు నెత్తి మీద నుంచి కొద్దిగా వాలేసరికి చెట్లు పలచబడ్డాయి. ఎదురుగా ఇప్పలపల్లి గుడిసెలు కనబడ్డాయి. దాని తర్వాత అచ్చంపేట దాకా బండ్ల బాటే. అండాలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గట్టెక్కినట్టే అనుకుంది.

జానయ్య లేచి కూర్చున్నాడు. "ఊరొచ్చింది. దిగు."

"చేతులు చూడు, ఎట్ల వణుకుతున్నయో. దవాఖాన దాక నేనే తోల్త."

"ఇయ్యాల సంత. అచ్చంపేట దాక అందరు ఎరికైనోళ్ళే. పెండ్లాం తోల్తాంటే మొగడు గొంగడి కప్పుకొని కూసున్నడంటరు. మల్ల నా మొఖం ఎవ్వలకు సూపియ్యాలె?"

"మనిషి సచ్చేటట్టున్నది వెనక..."

"నా చెల్లె అది. నాకు లేదా ఫికరు?" అని గొంతు పెంచాడు. తర్వాత మెత్తబడి, "ఊరు దాటెదాకనే. దాటంగనే నీకే ఇస్త" అన్నాడు.

అండాలు వెనక్కి తిరిగి అత్తను చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు. మసి ఆరని ముఖంతో గోపమ్మ తల వంచుకుంది. "దిగు బిడ్డా. ఊరు దాటెదాకనే గదా. మొగోని పరువు మన చేతులనే ఉంటది" అంది.

అప్పుడు గడ్డి మీది నుంచి కౌసల్య గొంతు వచ్చింది. పళ్ళ బిగువున వచ్చింది. "వద్దు. వదినా, నువ్వే తోలు."

"నువ్వు మాట్లాడకు, దమ్ము పట్టుకో" అని గోపమ్మ కూతురి నోటి మీద చెయ్యి పెట్టింది.

అండాలు దిగింది. లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి, అవతలి పక్కకు ఎక్కి, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

ఊరు దాటింది. సంతకు పోయేవాళ్ళు పక్కకు తప్పుకుని దండాలు పెట్టారు. జానయ్య తల ఊపాడు. అతని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఊరు దాటాక, "ఇంక ఇయ్యి" అంది అండాలు. "ముందల బండొస్తాంది, అది పోనీ" అన్నాడు. ఆ బండి పోయాక గంపలెత్తుకుని ఆడవాళ్ళు ఎదురొచ్చారు. "వీళ్ళు పోనీ" అన్నాడు. వాళ్ళు పోయేలోపే చలి మళ్ళీ విసురుగా కమ్ముకుంది. అతని కాలు బిరేకు మీద నుంచి జారింది. తడిసిన నల్లరేగడి మీద లారీ పక్కకు జారి కందకంలో పడింది. ముందరి ఇరుసు విరిగిన చప్పుడు అండాలుకు తన ఎముక విరిగినట్టే వినిపించింది.

బండ్లన్నీ సంతలో ఉన్నాయి. అండాలు పరుగెత్తి, కనబడ్డవాళ్ళ కాళ్ళు పట్టుకుని ఒక బండిని తెచ్చేసరికి పొద్దు సగం వాలింది. బురదలో బండి సాగినకొద్దీ కౌసల్య అరుపు తగ్గుతూ వచ్చింది. అరుస్తున్నంతసేపూ భయమే. అరుపు ఆగాక మరీ భయమేసింది. దవాఖాన చేరేసరికి దీపాలు పెట్టారు. ఆడపిల్ల. చనిపోయి పుట్టింది. కౌసల్య బతికింది. ఇక ఆమెకు కాన్పులు కావని చెప్పి, డాక్టరు గోపమ్మతో, "పొద్దుండంగ తెస్తే బిడ్డ దక్కేది" అన్నాడు. ఆ మాట తనతో అంటే బాగుండేదని అండాలు అనుకుంది. తనదే అనిపించింది ఆ మాట.

కౌసల్యను ఇంటికి తెచ్చాక పలకరించడానికి జనం వచ్చారు. జ్వరం తగ్గిన జానయ్య అరుగు మీద కూర్చుని అందరికీ అదే చెప్పాడు. ఒంటి మీద సోయి లేకున్నా ఆ కూపు బాట మీద తోలుకొచ్చిన సంగతి, వాగు దాటిన సంగతి. విన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "నీ అసోంటి అన్న ఎవలకుంటడు" అన్నారు. "ఏంచేస్తం, బొగ్గు మంచిది పొయ్యలే. గ్యాసు మోటుగ వచ్చి బండి పక్కకు గుంజింది. లేకుంటే దవాఖాన ఎంత దూరం" అన్నాడు జానయ్య. బొగ్గు పోసింది ఎవరో అందరికీ తెలుసు. అందరూ అండాలు వైపు చూశారు. ఆమె చేతిలో చల్ల ముంతలున్నాయి. అత్త నోరు విప్పుతుందేమోనని చూసింది. మొక్కుతానన్న మనిషి కదా. గోపమ్మ నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చుంది. తనే చెప్పవచ్చు. కానీ చెప్తే ఏం వస్తుంది? అంత దూరం తోలింది నేనే అంటే, మరి ఎందుకు దిగినవ్ అనే కదా అడుగుతారు.

లోపలి మంచం మీది నుంచి కౌసల్య మాట వినిపించింది. గట్టిగా ఏమీ అనలేదు. అయినా అరుగు దాకా వినబడింది.

"అడివంత తోలింది వదిన. అన్న తోలింది ఊరొక్కటే."

చల్ల తాగుతున్నవాళ్ళు ముంతలు దించారు. జానయ్య లేచి, కండువా దులుపుకుని వీధిలోకి పోయాడు.

జనం వెళ్ళిపోయాక అండాలు కౌసల్యకు పాలు చేపిన రొమ్ములకు గుడ్డ చుట్టి కడుతూ కూర్చుంది. తాగేవాళ్ళు లేని పాలు. ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది.

"ఎందుకు దిగినవ్ వదినా?" అంది కౌసల్య. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

అండాలు దగ్గర జవాబులున్నాయి. ఆ రోజు నుంచీ పొయ్యి ముందర కూర్చుని పేర్చి పెట్టుకున్నవి. మీ అన్న పరువు. మీ అమ్మ మాట. ఊరంతా నవ్వుతుందన్న భయం. అన్నీ నిజమే. ఈ మనిషి ముందర మాత్రం ఒక్కటీ నోటి దాకా రాలేదు.

"దిగమన్నరు, దిగిన" అంది.

కౌసల్య పైకప్పు వైపు తిరిగింది. "నేను గుడ ఒక్కపారే అన్న. ఇంకొకపారి అనకపోతి" అంది. తర్వాత అండాలు నల్లటి వేళ్ళను తన అరచేతిలోకి తీసుకుంది.

వానలు వెనకపట్టాక, అచ్చంపేట మిస్త్రీ ఇరుసు వేశాడని కబురొచ్చింది. జానయ్య అండాలును తీసుకుని ఇప్పలపల్లికి నడిచిపోయాడు. నిప్పు పెట్టడానికి మనిషి కావాలి. ఆ రోజు తర్వాత ఇద్దరి మధ్యా మాటలు అవసరానికే. కందకం పక్కన లారీ పశువు లేచి నిలబడినట్టు నిలబడి ఉంది. చుట్టూ ఊళ్ళోవాళ్ళు గుమిగూడారు. అండాలు బొగ్గు పోసింది. ఫంకా తిప్పింది. గ్యాసు వచ్చిందని చూసుకుని, చేతులు తుడుచుకుని, కుడిపక్కకు పోయి ఇస్టీరింగు ముందర కూర్చుంది.

ఇంజను తిప్పే హ్యాండిలు చేత్తో పట్టుకుని ముందర నిలబడ్డ జానయ్య తలెత్తి చూశాడు. జనాన్ని చూశాడు. దగ్గరికొచ్చి, పెదవులు కదలకుండా, "ఊరు దాటాలె ఇంకా. దిగు" అన్నాడు.

"హ్యాండిల్ తిప్పు" అంది అండాలు.

అతను హ్యాండిలును బిగించి పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకుంది. కొట్టినా దిగకూడదనుకుని ఇస్టీరింగు గట్టిగా పట్టుకుంది. జానయ్య తల వంచుకుని ముందరికి పోయి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. అతను అవతలి పక్కకు ఎక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

లారీ ఊళ్ళోకి వచ్చింది. ఊరంతా నవ్వే నవ్వు కోసం అండాలు ఎదురుచూసింది. ఒక ముసలమ్మ బాట మీది మేకను తాడు పట్టి పక్కకు లాక్కుంది. చింతపండు తూస్తున్న కోమటి ఒకసారి తలెత్తి, మళ్ళీ తక్కెడ వైపు తిరిగాడు. నాలుగు అడుగుల దూరం పిల్లలు దుమ్ములో వెంట పరుగెత్తి ఆగిపోయారు. ఒకామె చంకలో బిడ్డతో గడప మీద నిలబడి, లారీ తోలుతున్న ఆడదాన్ని చూసి, బిడ్డ చెయ్యి పట్టుకుని ఊపింది. ఎవరూ నవ్వలేదు. మంచినీళ్ళు తాగినంత సేపట్లో ఊరు అయిపోయింది.

అడవి మొదలయ్యే చోట అండాలు లారీ ఆపి, వెనక్కి తిరిగి చూసింది. ఎండలో కొన్ని గుడిసెలు. వాటి మీద పొగ.

"ఇంతేనా?" అంది పైకే. "గింత ఊరికేనా దిగిన?"

జానయ్య ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమె అట్లాగే ఇస్టీరింగు మీద తల ఆనించి, బిడ్డ పోయిన రోజు రాని ఏడుపంతా ఏడ్చింది. ఆ తర్వాత ముఖం తుడుచుకుని, గేరు వేసి, ఆమె కూపు బాటలోకి తోలింది.